పల్లేరుకాయ లాంటి పురుగు

కొండాపూర్, కార్తీక శుక్రవారం, 1949

ఒంటిపొద్దు అన్నం రెండు ముద్దలు తిన్నానో లేదో, పట్నం ప్రయోగశాలలో పనిచేసే మా మరిది కొడుకు మొదలుపెట్టాడు. ఫ్లూ జ్వరం పురుగును గుడ్డులోని కోడిపిల్లలో పెంచి, అది పెరిగిందో లేదో చూడ్డానికి ఆ గుడ్డులోని నీళ్ళు కోడి నెత్తురులో కలుపుతారట.

"పురుగు ఒంటినిండ కొక్కేలుంటయి పెద్దమ్మా. పల్లేరుకాయ లెక్క నెత్తురు కణాలను పట్టి ముద్ద చేస్తది. మన గొంతుల గూడ గట్లనే అంటుకొని లోపలికి దూరుతది."

"ఛీ! తినేటప్పుడేనా నాయనా?" విస్తరి ఎత్తేశాను.

సాయంత్రం మడికట్టుకొని దీపం పెడుతుంటే, జలుబు చేసిన మనవరాలు వచ్చి నా మోకాళ్ళు వాటేసుకొని తుమ్మింది. పిల్లలు తుమ్మితే చిరంజీవ అనాల్సిన నోటితో "పో అవతలికి" అన్నాను. మడి కోసం కాదు, అసహ్యంతో. ఏడ్చి ఏడ్చి అన్నం తినకుండానే పడుకుంది.

ఇప్పుడు నిద్రలో మళ్ళీ తుమ్మింది. చిరంజీవ అన్నాను, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని.