బంతి నీ చేతిలో

గంగాప్రసాద్ అన్నకు,

నేను బాగున్నాను. నువ్వెలా ఉన్నావని అడగను, నీకేం లోటు?

ఇక్కడ గల్ఫ్‌లో, బుదైయాలో నేను వంట చేసే విల్లాలో అమెరికా సారు టీవీలో, బంతిని చేత్తో పట్టుకుని ఉరికే తమ దేశపు కాలేజీ ఫుట్‌బాల్ చూస్తుంటాడు. నిన్న ఆట ముగిసే వేళకు ఆయన జట్టు ముందుంది. బంతి అందుకున్న పిల్లాడు ఉరకడం మానేసి, మోకాలు నేలకు ఆనించి కూర్చున్నాడు. మళ్లీ అదే పని. గడియారం మాత్రం తిరుగుతోంది.

"ఇదేం ఆట సార్?" అన్నాను.

"బంతి మన దగ్గరుంటే చాలు, గడియారమే గెలిపిస్తుంది" అని నవ్వాడు.

నువ్వు గుర్తొచ్చావు. నాయిన పొలం నీ చేతిలో ఉంది. పంపకాల కోసం నేను సెలవు మీద వచ్చిన ప్రతిసారీ "ఇయ్యాల అమాస తమ్మీ", "సర్పంచ్ ఊళ్లె లేడు", "ముందుగాల తిను, తర్వాత మాట్లాడుదాం" అంటూ నా విమానం రోజు దాకా ఈడ్చావు. మటన్ వండించి మరీ ఈడ్చావు. ఆ కాలేజీ పిల్లలు నీకంటే నయం, నలుగురి ముందు ఆడతారు.

నేను గడపలో బ్యాగు దించకముందే "మల్ల ఎప్పుడు పోతవ్?" అని అడుగుతావు. నేనూ వెర్రివాడిలా తేదీ చెప్పేవాణ్ణి.

వచ్చే నెల వస్తున్నాను. ఈసారి కూడా అడుగు. వీసా ఖలాస్ చేసుకున్నాను, తిరుగు టికెట్ తీయలేదు.

నీ తమ్ముడు