ఎర్రగీతలు సున్నా

మార్చి 3
ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. తప్పున్న చోట కింద ఎర్రగీత గీస్తుంది. మేం వేసేవి మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు. ఇరవై రెండేళ్లుగా బాబాయి అసలు కాపీ పైకి చదువుతారు, నేను ప్రూఫ్ మీద వేలు పెట్టుకుని వింటూ టిక్ కొడతాను. చుట్టమేం కాదు, ఆఫీసు మొత్తానికీ ఆయన బాబాయే. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదువుతారు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినా చివర ఫుల్‌స్టాప్ అంటారు.

మార్చి 9
బాబాయిని గోడౌన్‌కి మార్చారు. గీతలు సున్నా అయితే సంతకం పెట్టి పంపెయ్యమన్నాడు మేనేజర్. ఇంకా బళ్లో పిల్లల్లా పైకి చదవడమేంటమ్మా అని నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

మార్చి 10
నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. పదకొండు కాగితాలు పంపాను. అన్నీ సున్నాలే.

మార్చి 16
ఇవాళ ఓనరు ఇంటిపేరు కింద ఎర్రగీత పడింది. బాబాయి ఉంటే పడీపడీ నవ్వేవారు.

ఏప్రిల్ 21, సాయంత్రం
చెల్లెలి పాపకి జ్వరం. పద్నాలుగు నెలల పిల్ల. నేను వెళ్లేసరికి చెల్లెలు దుకాణంలో అడిగి సిరప్ తెచ్చింది. డబ్బాలో కాగితం మేం వేసిందే. ఎంత పొయ్యాలో చూడక్కా అంది. అలవాటు కొద్దీ పైకి చదివాను. మోతాదు అయిపోగానే ఎక్కడ దాచాలో వచ్చేసింది. మధ్యలో ఏదో ఉండాలి. నా చెవికి తెలుస్తోంది, నాకు గుర్తు రావడం లేదు. ఈలోగా అది చెంచాలో పోసేసింది. ఆగవే అని అరిచాను.

బాబాయికి ఫోన్ చేశాను. పాత కాగితం మనిద్దరం చదివిందేగా అన్నారు. తడుముకోకుండా చెప్పారు: రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదు, ఫుల్‌స్టాప్. చెంచా సింకులో ఒంపేశాను.

అటునుంచటే ఆఫీసుకి వెళ్లి చూశాను. కొత్తగా కంపోజ్ చేసినప్పుడు ఆ వాక్యం ఎగిరిపోయింది. లేని వాక్యం కింద గీత ఎవరు గీస్తారు? కాగితం చివర నా సంతకం. మార్చి పది.

ఏప్రిల్ 24
సాఫ్ట్‌వేర్ మీదకి తోసేద్దామన్నాడు మేనేజర్. నేను నా పేరే రాసిచ్చాను. సరుకు వెనక్కి తెప్పిస్తున్నారు. ఇప్పటికే ఇళ్లకు చేరినవి నాలుగు వందల డబ్బాలట. ఆ ఇళ్లు తల్చుకుంటే అన్నం సహించడం లేదు. బాబాయిని మళ్లీ ప్రూఫ్ గదిలోకి పిలిచారు. నన్ను ఇక ఆఫీసుకి రావద్దన్నారు.

ఏప్రిల్ 30
పాపకి జ్వరం తగ్గి దగ్గు పట్టుకుంది. డాక్టరు వేరే మందు రాశారట. కాగితం చదువుతాను వినక్కా అని చెల్లెలు ఫోన్ చేసింది. విన్నాను. ఫుల్‌స్టాపులన్నీ మింగేసింది. మళ్లీ మొదట్నుంచి చదవమన్నాను.