ద్వాలి ఇచ్చిన కోడి

బిడ్డ భార్గవికి అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమందరం మంచిగున్నం. నీకు హాస్టల్‌ల జలుబు తగ్గిందనుకుంటున్న. మిర్చి ఈసారి బాగనే కాసింది. పొద్దున లేస్తే మీ బాపు అడవి అంచుకు పోయి, చేన్ల పందులు పడ్డయా అని చూసొస్తుండు.

పోయిన ఉత్తరంల రెండు అడిగినవు. చెల్లెకు వాంతులు తగ్గినయి. ఇగ ద్వాలి చిన్నమ్మ నీకిచ్చిన కోడి గుడ్లు పెడుతుందా అన్నవు. పెట్టింది.

తోక లేకుండ, చెంపలకు మీసాల లెక్క ఈకలున్న ఆ కోడి మీద నాకు మొదటినుంచే అనుమానం. చేను గట్టు కాడ నాకూ ఆమెకూ మాటా మాటా అయిన నెలకే ద్వాలి నవ్వుకుంట తెచ్చిచ్చింది. ఊకెనే ఎందుకిస్తదనుకున్న. తొలి గుడ్డు చూస్తే నీలం! అచ్చం మైలుతుత్తం రంగు. చింతపండుతోని తోమిన, బూడిదతోని తోమిన, పోలే. పగలగొడితే పెంకు లోపల కూడ నీలమే. ద్వాలి దాణాల తుత్తం కలిపి పెంచిందని మనసుల పడ్డది.

"తుత్తం తింటే ముందు కోడే చస్తది గదనే" అన్నడు బాపు. అయినా ద్వాలి మనింటికొస్తే నేను ఆమె చేతులే చూస్తుంటి. "చిన్నమ్మ ఏం పెట్టినా తినకు" అని చెల్లె భానుకు చెవుల చెప్పిన.

ఓ రోజు నేను లేనప్పుడు బాపు ఆ కోడి గుడ్డే ఒకటి ఉడకబెట్టి చెల్లెకు పెట్టిండు. సాయంత్రానికి వాంతులు. నేను ద్వాలి వాకిట్లకు పోయి, తండా అంత వినంగ, "నా బిడ్డకు విషం పెట్టినవ్" అని అరిచిన. ఆమె సక్కగ మనింట్లకొచ్చి, గంపలున్న ఇంకో నీలం గుడ్డు తీసి, అందరి ముందర పచ్చిదే తాగింది. "నాకేమన్న అయితే అప్పుడు మాట్లాడక్కా" అన్నది.

బూర్గంపాడు దవాఖానాల డాక్టరు వాంతులు తాగే నీళ్ల వల్లనే అన్నడు. మన తండా పిల్లలు ఇంకో ముగ్గురు అప్పటికే అక్కడున్నరు. మేకలకు సూదులెయ్యనొచ్చిన ప్రమీలారాణి మేడంకు ఆ పెంకు చూపిస్తే నవ్వింది. "ఇది అరౌకానా అనే పరాయి దేశపు జాతమ్మా. దాని గుడ్లే గట్లుంటయి, తినొచ్చు. కోడేది, చూపియ్యి" అన్నది. నేను పెంకును కొంగుల మూటగట్టుకొని ఇంటికొచ్చిన.

బిడ్డా, కోడిని అడవిపిల్లి ఎత్తుకపోయిందని బాపుకు చెప్పిన. అబద్ధం. చెల్లెకు వాంతులైన రోజే నేను నీ కోడిని కోసి పెరట్ల పాతిపెట్టిన.

ద్వాలికి కూడ పోయి చెప్పిన. "కోడి పోతే పోయిందక్కా. నా చేతిది తినొద్దని పిల్లకు నేర్పినవ్. అదెట్ల మాన్పిస్తవ్?" అన్నది.

అప్పటినుంచి రోజూ భానును తీసుకొని వాళ్ల అరుగు మీద కూసుంటున్న. ద్వాలి ఏమన్న ఇస్తే చెల్లె నా మొఖం దిక్కు చూస్తది. నేను తినమంటే కూడ నమ్మది. నిన్న జొన్నరొట్టె ముక్క అందుకున్నది. తినలే. ఇంటిదాక గుప్పిట్ల పట్టుకొనే వచ్చింది. రేపు కూడ పోతం.

ఇట్లు,
నీ దగ్గర తప్పు ఒప్పుకున్న
మీ అమ్మ చాంది