అత్తమ్మ పేరుకు కొత్త తోక

ఆదివారం

పాప తొట్టెల ఫంక్షన్ అయిపోయింది. మా ఆయన అక్క నర్సమ్మ వదిన చెంగిచెర్ల నుంచి వచ్చి, మేనత్తగా పాప చెవిలో మూడుసార్లు "పార్విక" అని చెప్పింది. అత్తమ్మ పేరు పార్వతి. దాన్ని ఇలా మార్చింది నేనే. ఫ్యాషన్ అని అందరికీ చెప్పాను.

"ఏం పేరమ్మా ఇది? దవాఖానాల ఇచ్చే దగ్గుమందు లెక్కుంది," అన్నాడు ఉప్పల్ మామ.

అత్తమ్మ మాత్రం పొద్దంతా ముభావంగానే ఉంది. ఆగలేక, గిన్నెలు సర్దుతూ అసలు సంగతి చెప్పేశాను. "మీ పేరే పెడితే రేపు పిల్లను పేరు పెట్టి ఎట్ల తిట్టాలె అత్తమ్మా?"

అత్తమ్మ పడీపడీ నవ్వింది. "పిచ్చిదానా! మా అత్త పేరు నర్సమ్మ. నా బిడ్డకు గదే పేరు ఎందుకు పెట్టిననుకున్నవ్? దినాం నోరారా తిట్టనీకే!"

పక్కనే ఉన్న వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

ఇప్పుడు మార్చుదామంటే చెవిలో పేరు పడిపోయిందాయె...

పాప నిద్రపోతోంది. "ఓసి పార్వతీ!" అని మెల్లగా అని చూశాను. పాపం, అది ఏ తప్పూ చేయలేదు. అయినా ఇంకోసారి అన్నాను.