గడప దగ్గర బూట్లు

చిరంజీవి ఆద్యకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ నాన్న, నేను బాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాశాను. ట్రైనింగ్ అయ్యేదాకా ఫోన్ లాక్కుని నిన్ను ఉత్తరాల పాలు చేసిన మీ ఆర్మీకి ఒక దండం. అమెరికాలో, ఈ క్యారీ ఊళ్లో పెరిగిన పిల్లవని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో.

బూట్లు కరుస్తున్నాయని రాశావు. మడమలకి కొబ్బరినూనె రాసి, రెండు జతల సాక్సు వేసుకో. నీ గదికి నువ్వడిగిన లేత పసుపు రంగే వేశాం. పైన మీ నాన్న వేసిన చోట కాస్త వంకరగా ఉంటుంది, ఏమీ అనకు.

బ్యాంకులన్నీ పొమ్మన్నాక, లేనివాళ్లకు ఇళ్లు కట్టించే ఆ సంస్థవాళ్లు ముందు కట్టాల్సిన డబ్బుకు బదులు ఇన్ని గంటలు మీరే పనిచేయండి, ఇల్లు మీదే అంటే నేను నమ్మలేదు. పక్కవాళ్ల ఇంటికి మనం మేకులు కొట్టాం, మన ఇంటికి వాళ్లు కొట్టారు. స్వీట్ షాపులో లడ్డూలు చుట్టిన చేతులతో గోడలు నిలబెట్టాను. గర్వంగానే ఉండేది, దాచుకోను.

"ఫోటోల్లో ఎప్పుడూ నాన్నే ఉంటున్నారు, నువ్వు కనిపించవేం?" అని అడిగావు. చెబుతాను, కూర్చుని చదువు.

ఇల్లు ఇంకా చెక్కల మీద ఉండగానే వంటింటి మూల స్వామి పటం పెట్టాను. దేవుడున్న చోటికి బూట్లతో ఎలా వెళ్లను? గడప దగ్గర విప్పేసేదాన్ని. సూపర్‌వైజర్ డార్లీన్ చూసినప్పుడల్లా "బూట్స్ ఆన్, మిస్ సుభా!" అని అరిచేది. ఆవిడ అటు తిరగ్గానే మళ్లీ విప్పేదాన్ని. ఒకరోజు కుడిపాదంలో మేకు దిగింది. షుగర్ వల్ల నొప్పి పెద్దగా తెలియలేదు. పసుపు అద్ది, సాక్సు తొడుక్కుని ఊరుకున్నాను. చెబితే పని మాన్పిస్తారు, గంటలు పూర్తికావు, ఇల్లు చేజారిపోతుందని భయం. మీ నాన్నకీ చెప్పలేదు. వాసన వచ్చాకే ఆయనకి తెలిసింది.

ఆ పాదాన్ని చీలమండ దాకా తీసేశారు తల్లీ.

డార్లీన్ హాస్పిటల్‌కి వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "ఒక్క మాట చెప్పి ఉంటే ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్లు తీసే పని ఇచ్చేదాన్ని. ఆ గంటలూ లెక్కలోకొస్తాయి" అంది. అది విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగిలిన గంటలు మీ నాన్న ఒక్కరే పూర్తిచేశారు. వచ్చే శనివారం తాళాలిస్తారు. పంతులుగారికి ఫోన్ చేసి, గృహప్రవేశానికి కుడికాలు లేనిదాన్ని, ఏ కాలు ముందు పెట్టాలండీ అని అడిగాను.  ఆయన ముహూర్తం టైము మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశారు.

నువ్వు వచ్చినప్పుడు గడప దగ్గర ఆగి బూట్లు విప్పబోతావు. చిన్నప్పటి నుంచీ నేను నేర్పింది అదే కదా. విప్పకు తల్లీ. బూట్లతోనే లోపలికి రా.

ఇట్లు,
కొత్త ఇంట్లో నీకోసం కూర్చునే ఉండే
అమ్మ