గీత తప్పిన చుక్క

జూన్ 3, మంగళవారం

పెట్టె వచ్చింది. దేశదేశాల ల్యాబ్‌లు తిరిగే కొలత పెట్టె. స్కానింగ్‌లో వాడే మందు రేడియోధార్మికతను మేం మా పద్ధతిలో కొలవాలి, ఆ పెట్టెతోనూ కొలవాలి. రెండూ పోల్చి, మిగతా దేశాల పక్కన మా చుక్కను గ్రాఫ్‌లో పెడతారు. అందరి సగటు మధ్యలో గీత. ఈ మందు ఆరు గంటల్లో సగమైపోతుంది, అందుకే కొలిచిన టైమ్ నిమిషంతో సహా రాయాలి.

మా హెడ్‌ని వెనకాల నలుసు మేడం అంటాం. గాజుగొట్టం మీద నలుసున్నా మళ్ళీ తూచమంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ చుక్క గీత తప్పలేదు. నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. ఇదే ఆఖరి పోలిక.

జూన్ 5

లెక్క ఇద్దరం వేర్వేరు గదుల్లో చేయాలి. ఆవిడ రూలు. కాగితాలు మడిచి మార్చుకున్నాం. ఆఖరి అంకె దాకా ఒకటే! మేడం నవ్వారు. నిజంగా, పళ్ళు కనిపించేలా. పంపేశాం.

జూన్ 16

పోలిక నడిపేవాళ్ళ మెయిల్. 'మీ లెక్క ఒకసారి సరిచూసుకోండి.' అంతే. ఎక్కువో తక్కువో, ఎంతో చెప్పరు. చెబితే అటే జరిపేస్తామని. తప్పు రుజువుతో సహా దొరికితే ఇరవైలోగా దిద్దుకోవచ్చు.

జూన్ 17

దొరకలేదు. 'ఇంత అటూ ఇటూ ఉండొచ్చు' అన్న అంకెను కాస్త పెంచి రాద్దామన్నాను. మేడం కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 19, ఉదయం 6.10

పళ్ళు తోముకుంటుంటే తట్టింది. మా పద్ధతిలో కొలిచిన రోజు, టైమ్ చూసుకునే కంప్యూటర్ అప్‌డేట్ అవుతూ ఆగిపోయింది. తలెత్తి గోడ గడియారం చూసి టైమ్ రాశాను. మేడం లెక్కా ఆ టైమ్‌తోనే. అది నాలుగు నిమిషాలు ఫాస్ట్! మేం లేటుగా రాకూడదని మేడమే అలా పెట్టించారు. నాలుగు నిమిషాలంటే దాదాపు ముప్పావు శాతం. చచ్చాను దేవుడా.

నోట్లో నురగతోనే మా ఆయనకి చెప్పాను. ఇంత చదివి గడియారం చూడడం రాదా అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం

చెప్పేశాను. దిద్దుదాం, రేపటిదాకా గడువుందన్నాను. మేడం లాగ్‌బుక్ తెరిచారు. 10.30 అని ఉంది. ఏ గడియారమో రాయలేదు. నాకు గుర్తుందన్నాను. గుర్తుండడం కొలత కాదమ్మా అన్నారు, మెల్లగా.

మెయిల్ నా ముందే టైప్ చేశారు. గోడ గడియారం మీద అనుమానం ఉందని, రుజువు లేదు కాబట్టి అంకె మార్చడం లేదని, దాన్ని ముందుకు జరిపించింది తానేనని. నా పేరు లేదు. పెట్టమని బతిమాలాను. వినలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరుని ఒక్క మెయిల్‌తో వదిలేసుకున్నారు. ఏం మనిషండీ! నేనైతే చచ్చినా పంపేదాన్ని కాదు.

జూన్ 30

గ్రాఫ్ వచ్చింది. అన్ని చుక్కలూ గీతని అంటిపెట్టుకుని ఉన్నాయి. మాది ఒక్కటే పైన. మేడం ఒక ప్రింటు తీసి బ్యాగ్‌లో పెట్టుకున్నారు. స్టూలెక్కి గడియారం సరిచేశారు. మధ్యాహ్నమంతా తలుపేసుకుని కూర్చున్నారు. సాయంత్రం నేను అలవాటుగా లేచి బయల్దేరబోతే, ఇంకా నాలుగు నిమిషాలుందన్నారు.

జూలై 1

కొత్త లాగ్‌బుక్ తెరిచాను. టైమ్ పక్కన స్కేలు పెట్టి గీసిన గడి ఒకటి. ఆవిడ చేతిరాత: 'ఏ గడియారం?'

తిప్పుతూ పోయాను. రెండొందల పేజీలకీ ఉంది.