రెండు బండల మీదా నా పేరు

జూన్ 4
ఎజెండా కాగితం ఇంటికి వచ్చింది. మొదటి అంశం: కూరగాయల మార్కెట్‌కు నామకరణం. రేకుల మార్కెట్ అంటే ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది పేరు కాదట. రెండోది స్వాగత తోరణం, రంగులు, ప్రారంభోత్సవం ఖర్చు. తొమ్మిదోది, చిట్టచివర... మార్కెట్‌లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, "నిధులు మిగిలినచో".
ఆ చివరిదాని కోసమే నన్ను కౌన్సిలర్‌గా గెలిపించారు. అక్కడ ఏడేళ్లు టమాటాలు అమ్మినదాన్ని. పొద్దున ఐదింటికి గంప దించితే మధ్యాహ్నం ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టం. తాగితే పోవాలి. పోవడానికి చోటు లేదు.

జూన్ 5
వంకాయలమ్మే హుసేనమ్మత్తకు ఎజెండా చదివి వినిపించాను.
"ఎన్నోది?"
"తొమ్మిదోది అత్తా."
"అంతవరకు ఆపుకోమంటాండారా?"
పక్కనున్న ఆకుకూరల వాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

జూన్ 6
పొద్దున చైర్మన్ ఫోన్. మార్కెట్‌కు చనిపోయిన వాళ్ల చిన్నాయన పేరు. "నువ్వు చెయ్యెత్తితే సాలు సుజాతమ్మా." సాయంత్రం అవతలి పక్షం ఓబులేసు, సంచినిండా మామిడిపండ్లతో. వాళ్లకు కాలం చేసిన కాంపౌండర్ సుబ్బన్న పేరు కావాలి. "ఊర్లో ఆయప్ప దగ్గర సూది ఏయించుకోని మనిషి ఉండాడా అక్కా?"
ఇద్దరికీ ఒక్క చెయ్యి తక్కువ. అది నాది. ఇద్దరికీ చూద్దామనే అన్నాను.
పండ్లు తీయగా ఉన్నాయి.

జూన్ 9
వంటింటి గట్టుకు బండ కావాలని మా ఆయన నాగరాజు బేతంచెర్ల బయల్దేరితే నేనూ వెళ్లాను. ఒక్కడే వెళ్తే పగిలింది తెస్తాడు.
రాళ్లు చెక్కే మౌలాలి దగ్గర ఎండలో రెండు నల్లబండలు ఆనించి ఉన్నాయి. చెక్కిన అక్షరాలకు బంగారు రంగు ఇంకా ఆరలేదు. ఒకదాని మీద చైర్మన్ చిన్నాయన పేరు, కింద ఆమోదించిన కౌన్సిలర్ల వరుస. అందులో చివర నేను. రెండోదాని మీద కాంపౌండర్ సుబ్బన్న... అందులో మూడో పేరు నాది. మీటింగ్‌కు ఇంకా మూడు రోజులుంది!
మా వైపు అంతే. పని తర్వాత, బండ ముందు.
"నాకేం తెల్సమ్మా, కాగితంలో ఉన్నట్టే చెక్కినా. ఇద్దరిదీ తొందరే," అన్నాడు మౌలాలి.
నాగరాజు నవ్వలేక రాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. "ఏమ్మే, నీకు చేతులు ఎన్ని?"
గట్టుకు బండ కొనడం మరిచి వచ్చేశాం.

జూన్ 10
ఎవరికీ చెప్పొద్దన్నాను. మార్కెట్‌లో అప్పుడే నన్ను రెండు బండల సుజాత అంటున్నారు.

జూన్ 12
మీటింగ్.
గంటసేపు చిన్నాయన గొప్ప, గంటసేపు సుబ్బన్న గొప్ప. ఇద్దరూ మంచివాళ్లే, కాదనను. తర్వాత తోరణం ఎంత ఎత్తు అన్నదాని మీద అరుపులు. చేతులెత్తమన్నారు. అందరూ నా వైపు చూశారు.
లేచాను. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది, ఒక్క అక్షరం కనబడలేదు. నోటికొచ్చిందే అన్నాను. "బేతంచెర్లలో రెండు బండలు చూసి వచ్చినా. రెండిట్లోనూ నేను ఒప్పుకున్న్యట్టే ఉండాది. పేరు మీరేదైనా పెట్టుకోండి. తొమ్మిదోదాన్ని ముందుకు తెచ్చేదాకా నా చెయ్యి లేయదు."
"రెండా?" అన్నాడు చైర్మన్.
"మీరు చెక్కిస్తే మేం చెక్కిచ్చకూడదా?" ఓబులేసు.
వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఇక ఆగలేదు. చైర్మన్ కూడా తల వంచుకుని నవ్వాడు. కమిషనర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని, చివరి అంశం ముందు తీసుకుందామన్నారు. తోరణం డబ్బు మరుగుదొడ్డికి మళ్లింది. కాదంటే ఆడవాళ్లకు అడ్డం పడ్డట్టవుతుంది, రెండు పక్షాలూ చేతులెత్తాయి. ఈలోగా భోజనాలు వచ్చాయి. పేరు వాయిదా.
ముక్కల్లేని బిర్యానీయే అయినా కుష్కా బాగా చేశారు.

జూలై 21
మరుగుదొడ్డి గోడలు నడుం ఎత్తు లేచాయి. బండలు ఎవరూ తీసుకుపోవడం లేదని మౌలాలి ట్రాక్టర్‌లో తెచ్చి మార్కెట్ ముందు దించి పోయాడు. రెండూ.

జూలై 24
మేస్త్రీ అడిగాడు. "అక్కా, వాకిట్లో మెట్లకు ఈ రెండూ కొలిచినట్టు సరిపోతాండాయి. బోర్లా ఏస్తే పేర్లు ఎవురికీ కనబడవు."
నేను ఔననలేదు. వద్దనీ అనలేదు.

జూలై 25
వేసేశాడు.

ఆగస్టు 2
మరుగుదొడ్డికి ఎవరి పేరు పెడదామని చైర్మన్‌ను అడిగాను. ఊరికే. "దానికి మా చిన్నాయన పేరా!" ఓబులేసునూ అడిగాను. ఫోన్ పెట్టేశాడు. హుసేనమ్మత్త అంది: "నా పేరు పెట్టమని చెప్పు మే. నాకేం సిగ్గు లేదులే."

ఆగస్టు 8
ఈ రోజు పదింటికి మరుగుదొడ్డికి నీళ్లు వదులుతామన్నారు. పదకొండుకు మీటింగ్, పేరు కోసం మళ్లీ. చైర్మన్ ఫోన్: "బండ యాడుందమ్మా? మీటింగ్ కాంగానే నిలబెట్టల్ల." చూసి చెబుతానన్నాను. ఆ మెట్టు మీదే నిలబడి ఉన్నాను అప్పుడు.
తొమ్మిదిన్నరకు హుసేనమ్మత్త అందరి ముందూ చెంబెడు నీళ్లు గటగటా తాగింది. మార్కెట్‌లో ఆమె పొద్దున పూట నీళ్లు తాగడం ఇదే మొదటిసారి చూడటం.
"ఇంగా నీళ్లు రాలేదు గదత్తా."
"వచ్చాదని నువ్వే చెప్తివి గదా."
పది దాటింది. ఫిట్టర్ కుళాయి తిప్పాడు. గాలి... గుర్రుమని చప్పుడు... మళ్లీ గాలి. ఆడవాళ్లంతా గంపలు వదిలేసి వచ్చారు. నా ఫోన్ మోగుతోంది. చైర్మనే. ఎత్తలేదు.
హుసేనమ్మత్త చెంబు బోర్లించి చూపించింది. చెంబులో ఒక్క చుక్క లేదు, కుళాయిలోనూ లేదు. "ఇంగ ఆపుకునేది నా వల్ల కాదు మే."